రామతీర్థం వచ్చినవాళ్లు రాత్రికి ఎందుకు ఆగరు?



ఇవాళ పర్యాటకం గురించి మాట్లాడదాం. ఆ మాట వినగానే మీ మనసు అరకు వైపు పోతుందని నాకు తెలుసు. నేను మాత్రం నెల్లిమర్ల మండలం వదలను. మధ్యలో ఒక్కసారి సముద్రం దాటి మధ్య ఆఫ్రికాలోని ఒక దేశం దాకా వెళ్లి వస్తాను. ఎందుకో అక్కడికి చేరాక చెబుతాను.

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, మన మండలంలోనే రామతీర్థం ఉంది. రామస్వామివారి గుడి పేరు విననివాళ్లు ఉత్తరాంధ్రలో తక్కువ. భీష్మ ఏకాదశికి కల్యాణం, శ్రీరామనవమికి మళ్లీ ఉత్సవం, శివరాత్రికి పెద్ద జాతర. రాముడి ఊళ్లో శివరాత్రి జాతరేమిటని బయటివాళ్లు అడుగుతారు. మనవాళ్లకు ఆ సందేహమే రాదు. పిల్లల్ని భుజాన వేసుకుని, అన్నం మూట కట్టుకుని, ఊళ్లకు ఊళ్లే కదిలి వస్తాయి. గుడి దగ్గరే జాగారం, తెల్లారి స్నానం, దర్శనం, తిరుగుబాట. ఏ ప్రభుత్వ శాఖా పిలవకుండానే, ఏ ప్రకటనా లేకుండానే తరతరాలుగా నడుస్తున్న యాత్ర అది.

ఆ జనంలో ఎక్కువమంది చూడకుండా వెళ్లిపోయేది ఏమిటంటే, చుట్టూ ఉన్న కొండలు. బోడికొండ, దుర్గకొండ, గురుభక్తులకొండ. గుడి ముందు నిలబడి తల ఎత్తితే కనబడే రాతి కొండలే. వాటి మీద ఏముందో చెప్పడానికి కొంత సమయం తీసుకుంటాను, ఓపిక పట్టండి.

గురుభక్తులకొండ మీద బౌద్ధుల ఆరామం ఉండేది. ఇటుకతో కట్టిన స్తూపం, చైత్యాలు, భిక్షువులు నివసించిన విహారాల గదులు కొండ నడుమ ఒక చదునైన అంచు మీద వరుసగా ఉండేవి. మద్రాసు వైపు పురావస్తు పనులు చూసిన అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. భారత పురావస్తు శాఖ 1910-11 వార్షిక నివేదికలో ఆయన రామతీర్థం గురించి వివరంగా రాశాడు. తవ్వకాల్లో దొరికినవాటిలో ఒక మట్టి ముద్ర ఉంది. దాని మీద శివమక అనే రాజు పేరు, ఇక్కడి సంఘం పేరు ఉన్నాయి. ఆ రాజు శాతవాహన వంశం వాడని పండితుల ఊహ. అంటే ఇంచుమించు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట, చంపావతి నదికి దగ్గర్లో, వానాకాలమంతా కొండ మీద తలదాచుకుని చదువుకున్న సన్యాసులు ఉండేవారన్నమాట.

దుర్గకొండ దగ్గర కథ ఇంకోలా ఉంది. అక్కడ సహజమైన రాతి గుహల్లో జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి, ఒక శాసనం కూడా ఉంది. అది తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలం నాటిది. విమలాదిత్యుడు ఎవరంటే, నన్నయ్యగారిని మహాభారతం తెలుగు చేయమని కోరిన రాజరాజ నరేంద్రుడి తండ్రి. 1011 నుంచి 1018 వరకు రాజ్యం చేశాడు. ఆయనకు గురువు, దేశిగణానికి చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు, ఈ కొండకు భక్తితో వచ్చి మొక్కాడని ఆ శాసనం చెబుతుంది. దాన్ని రామకొండ అని పిలుస్తుంది. నన్నయ్య గంటం పట్టకముందే ఈ కొండకు రాముడి పేరుంది. జైన గురువు రాముడి పేరున్న కొండకు మొక్కాడు. ఎవరికీ ఏ అభ్యంతరమూ వచ్చినట్టు లేదు.

నా దృష్టిలో మన మండలానికి వచ్చిన పర్యాటకుల్లో పేరు మిగిలిన పెద్దమనిషి ఆయనే. వెయ్యేళ్ల కిందట వచ్చి, చూసి, రాతి మీద చక్కటి అక్షరాల్లో తన రాక రాయించి వెళ్లాడు. ఇప్పుడొచ్చేవాళ్లు కూడా రాస్తున్నారు, కాదనను. ఎర్ర పెయింటుతో, ఒక అబ్బాయి పేరు, ఒక అమ్మాయి పేరు, మధ్యలో బాణం. వెయ్యేళ్ల తర్వాత ఎవరైనా తవ్వి చదివితే మన కాలం గురించి ఏమనుకుంటారో!

ఇక బోడికొండ. దీన్నే నీలాచలం అనీ అంటారు. కొండ మీద కోదండరాముడి కోవెల, రాతిలో నీళ్లు నిలిచిన కొలను. 2020 డిసెంబరు చివర్లో ఆ కోవెలలో రాముడి విగ్రహానికి తల నరికారు. తల కొలనులో దొరికింది. ఆ తర్వాత కొన్నాళ్లు రామతీర్థానికి వచ్చినన్ని కార్లు అంతకుముందెప్పుడూ వచ్చి ఉండవు. అన్ని పార్టీల వాళ్లూ వచ్చారు, మాట్లాడారు, వెళ్లారు. గుడి కొత్తగా కట్టి 2022లో మళ్లీ ప్రతిష్ఠ చేశారు. ఆ గొడవలోకి నేను పోను. నాకు తోచిన సంగతి ఒకటి చెబుతాను. పూజారి పూజ చేసి దిగిపోయాక కొండ మీద మనిషి అలికిడి లేని చోట ఎవడైనా ఏదైనా చేయగలడు. కెమెరాలు పెట్టవచ్చు, గేటు వేయవచ్చు. రోజూ పదిమంది ఎక్కి దిగే కొండకు, సాయంత్రం వెలుతురుండే దాకా ఎవరో ఒకరు తచ్చాడే కొండకు ఉండే రక్షణ వేరు. సందర్శకుడు చోటును పాడు చేస్తాడన్నది సగం నిజం. సందర్శకుడు రాని చోటు కూడా పాడవుతుంది.

మూడు కొండలు, మూడు మతాలు, ఒకే ఊరు. మన రాష్ట్రంలో ఇలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. అయినా కేంద్ర ప్రభుత్వం 2017-18లో స్వదేశ్ దర్శన్ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు బౌద్ధ యాత్రా మార్గాన్ని మంజూరు చేసినప్పుడు శాలిహుండం, తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపు పేర్లున్నాయి. శ్రీకాకుళం జిల్లా శాలిహుండానికీ భీమిలి దారిలోని కొండలకూ నడుమనే రామతీర్థం ఉంది. ఆ దారిలో పోయే బస్సు మన పక్కనుంచే పోవాలి. పేరు మాత్రం జాబితాలో లేదు. అంతకు రెండేళ్ల ముందు, 2015లో, భద్రాచలం తెలంగాణకు పోయాక రాష్ట్రం తరఫున శ్రీరామనవమి కల్యాణం ఎక్కడ జరపాలన్న చర్చలో రామతీర్థం పేరు గట్టిగానే వినబడింది. చివరికి కడప జిల్లా ఒంటిమిట్టను ఎంచుకున్నారు. ఒంటిమిట్ట గొప్ప గుడి, అందులో మాటే లేదు. రెండుసార్లూ మన ఊరు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిందన్నదే నేను చెప్పేది.

ఇక్కడ ఆగి, అనుకున్నట్టే సముద్రం దాటుదాం.

ఆఫ్రికా ఖండం నడుమ, అట్లాంటిక్ తీరాన గాబన్ అని ఒక దేశం ఉంది. జనాభా పాతిక లక్షలు. అంటే మన పాత విజయనగరం జిల్లా జనాభాకు కొంచెం అటూ ఇటూ. భూమిలో నూటికి 85 పాళ్ల పైచిలుకు అడవి. 1999లో మైకేల్ ఫే అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త కాంగో అడవుల్లో నడక మొదలుపెట్టి, ఏడాదికి పైగా నడిచి, 2000 సంవత్సరం చివర్లో గాబన్ సముద్రతీరానికి చేరాడు. మూడు వేల కిలోమీటర్లకు పైగా నడక. దారిలో తీసిన ఫొటోలు, రాసుకున్న వివరాలు చూశాక ఆ దేశాధ్యక్షుడు ఒమర్ బోంగో 2002లో ఒక్కసారిగా 13 జాతీయ పార్కులు ప్రకటించాడు. దేశంలో పదో వంతు భూమి అలా పార్కులైపోయింది. లోవాంగో అనే పార్కులో అడవి ఏనుగులు సముద్రపు ఒడ్డున ఇసుకలో నడుస్తాయి, నీటిగుర్రాలు అలల్లోకి దిగుతాయి. ప్రపంచంలో ఇంకెక్కడ చూస్తాం? లోపే అనే మరో పార్కును 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవిందో పార్కు 2021లో చేరింది.

ఇంత ఉన్నా పర్యాటకులు కొద్దిమందే. కారణాలు వింటే మనకు కొత్తగా అనిపించవు. చమురు మీద బతికే దేశం కాబట్టి ఊళ్లో హోటలు గది దగ్గర్నుంచి ప్రతిదీ ఖరీదు. విమానం టికెట్టు మరీ ఖరీదు. వానలు పడితే రోడ్లు బురద. దేశమంతటికీ ఒక్కటే ముఖ్యమైన రైలు మార్గం, అది ఓవెందో రేవు నుంచి ఫ్రాన్స్‌విల్ దాకా. 1980ల్లో పూర్తయింది. లోపే పార్కుకు ఆ రైల్లో పోవచ్చు. కాకపోతే ఆ పట్టాల మీద మనుషులతోపాటు మొవాండా గనుల మాంగనీసు కూడా నడవాలి. ఖనిజం, ప్రయాణికుడు ఒకే పట్టాల మీద పోతున్నప్పుడు ఎవరు ఎవరి కోసం ఆగుతారో రైలు మార్గం పక్కన పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2023 ఆగస్టులో అక్కడ సైన్యం అధికారం చేపట్టింది. ఇలాంటి వార్త ఒకటి వస్తే చాలు, విదేశీ యాత్రికుడు పెట్టె సర్దడం మానేస్తాడు.

మాంగనీసు అన్నాను కదా. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది మన విజయనగరం ప్రాంతంలోనే. కోడూరు గనుల పేరు మీద ఒక రాతికి కోడూరైట్ అని పేరు కూడా పెట్టారు. నేల కింద ఉన్నదాన్ని తవ్వి రైల్లోకి ఎక్కించడం మనకూ గాబన్‌కూ బాగా వచ్చు. నేల మీద ఉన్నదాన్ని చూపించి నలుగురికి అన్నం పెట్టించడమే ఇద్దరికీ చేతకాలేదు. అందుకే ఇంత దూరం తీసుకొచ్చాను మిమ్మల్ని.

గాబన్ పల్లెల్లో ఇంకో బాధ ఉంది. పార్కులో ఏనుగులకు రక్షణ పెరిగింది, అవి పక్క ఊళ్ల అరటి, కర్రపెండలం తోటల్లో పడుతున్నాయి. రైతుకు కలిగే నష్టం కళ్లెదుట కనబడుతుంది, పార్కు వల్ల వచ్చే లాభం మాత్రం ఎక్కడో రాజధానిలో ఉంటుంది. ఏనుగు చేలో పడితే ఎలా ఉంటుందో మన పార్వతీపురం మన్యం రైతులను అడగండి. ఒడిశా అడవుల నుంచి వచ్చిన గుంపు కురుపాం, జియ్యమ్మవలస వైపు ఏళ్ల తరబడి తిరుగుతోంది. పంటలు పోయాయి, ప్రాణాలూ పోయాయి.

ఈ విషయంలో రువాండా వాళ్లు కొంచెం తెలివిగా చేశారు. కొండ గొరిల్లాను చూడాలంటే 2017 నుంచి విదేశీయుడు 1,500 డాలర్లు కట్టాలి. అంతకుముందు అందులో సగమే. ధర పెంచిన ఏడాదే, పార్కుల ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్లకు ఇచ్చే వాటాను నూటికి 5 నుంచి 10కి పెంచారు. ఆ డబ్బుతో బడులు, వైద్యశాలలు, నీటి ట్యాంకులు కట్టుకుంటున్నారు. గొరిల్లా బతికితే ఊరికి లాభమని అక్కడి పిల్లవాడికి కూడా తెలుసు. ధర పెంచడం గురించి నాకు అంత ఇష్టం లేదు, సామాన్యుడు కొండ చూడలేని రోజు రాకూడదు. వాటా మాట మాత్రం మనం పట్టుకోదగ్గది.

తిరిగి రామతీర్థం వచ్చేద్దాం.

సర్కారీ లెక్కల్లో పర్యాటకులు అని రాసేవాళ్లలో చాలామంది మన దగ్గర భక్తులే. తిరుమల ఉన్న రాష్ట్రం కాబట్టి ఆ అంకె ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది. ఆ అంకె చూసి మురిసిపోతే లాభం లేదు. వచ్చినవాళ్లు ఎంతమంది అన్నదాని కంటే, రాత్రికి ఆగినవాళ్లు ఎంతమంది అని అడగాలి. విశాఖపట్నం నుంచి కారులో ఒక కుటుంబం వస్తుంది. దర్శనం చేసుకుంటారు, కొబ్బరికాయ కొంటారు, ప్రసాదం తీసుకుంటారు, టీ తాగుతారు, మధ్యాహ్నం భోజనానికి విజయనగరం వెళ్లిపోతారు. అదే కుటుంబం రాత్రికి ఆగితే గది కావాలి, భోజనం కావాలి, పొద్దున్న టిఫిను కావాలి, కొండకు దారి చూపే మనిషి కావాలి, ఆటో కావాలి. ఊళ్లో ఆరేడు చేతులకు పని. పర్యాటకంలో డబ్బంతా ఆ రాత్రిలోనే ఉంది.

మరి ఎందుకు ఆగరు? ఆగడానికి వీలైన చోటు తక్కువ. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకని ఊళ్లో ఏ తల్లీ పిల్లల్ని పెట్టుకుని రాత్రికి ఉండదు. నన్నడిగితే, కొండకు లైట్లు, రంగురంగుల ఆర్చీలు, సెల్ఫీ బోర్డులు అన్నీ తర్వాత. ముందు నాలుగు మంచి మరుగుదొడ్లు, వాటిని రోజూ కడిగే మనిషి, ఆ మనిషికి నెలనెలా జీతం. కట్టడానికి డబ్బు మంజూరు చేయడం తెలిసిన శాఖలకు కడగడానికి డబ్బు మంజూరు చేయడం ఎందుకో గుర్తుండదు.

రెండోది, సాయంత్రం ఏం చేయాలి? గుడి తలుపులు మూశాక ఏముంది? ఇక్కడే మన దగ్గర ఉన్నదాన్ని మనమే మర్చిపోయాం. తప్పెటగుళ్లు మన జిల్లాల కళ. గుండె మీద తప్పెట కట్టుకుని, అడుగు మీద అడుగు వేస్తూ, ఒకడి మీద ఒకడు ఎక్కి నిలబడి ఆడే ఆ ఆట చూసినవాళ్లు మర్చిపోరు. జముకుల కథ ఉంది. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు వినబడింది అక్కడే. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేస్తున్నారు. ఆ కాలేజీ విద్యార్థులు వారానికి రెండు సాయంత్రాలు రామతీర్థంలో చెట్టు కింద కూర్చుని పాడితే పెద్ద ఖర్చేమీ కాదు. విన్నవాళ్లకు ఆగినందుకు ఒక కారణం దొరుకుతుంది, పిల్లలకు సభ అలవాటవుతుంది.

మూడోది చెప్పేవాళ్లు. గురుభక్తులకొండకు దారి అడిగితే ఊళ్లో ఎవరో ఒకరు చెబుతారు, చెబుతూనే అంటారు, "ఆ రాళ్లు సూడ్డానికి ఇంత దూరం వచ్చారేటి బావూ?" అని. తప్పు వాళ్లది కాదు. ఆ రాళ్లేమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బళ్లో అశోకుడి కళింగ యుద్ధం చదువుతారు, తమ ఊరి కొండ మీద బౌద్ధ ఆరామం ఉందన్న సంగతి పాఠంలో రాదు. కొండ మీద పురావస్తు శాఖ నీలం బోర్డు ఉంటుంది. ఇది రక్షిత కట్టడం, పాడు చేస్తే జైలు, జరిమానా అని. ఎందుకు రక్షించాలో మాత్రం బోర్డు చెప్పదు. భయపెట్టే బోర్డు ఒకటి ఉన్నచోట కథ చెప్పే బోర్డు ఇంకొకటి ఉండాలి, తెలుగులో, పెద్ద అక్షరాల్లో. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పదిమంది కుర్రాళ్లనూ అమ్మాయిలనూ తీసుకుని, నెల రోజులు చరిత్ర చెప్పి, గుర్తింపు కార్డు ఇచ్చి, ఇంతకు మించి తీసుకోకూడదని ధర కట్టి పెడితే చాలు. జూట్ మిల్లు గేటు తెరుస్తారా, లాకౌట్ అంటారా అని ఎదురుచూపుల్లో ఏళ్లు గడిపిన ఇళ్లు నెల్లిమర్లలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు వీళ్లు. మిల్లు మాటెత్తాను కాబట్టి ఇంకొకటి. రామతీర్థంలో పూజాసామగ్రి ప్లాస్టిక్ కవర్లో అమ్మడం ఏమిటండీ? గోనెల ఊరు మనది. జనపనార సంచి కుట్టి, దాని మీద మూడు కొండల బొమ్మ అచ్చు వేస్తే ఇంటికి తీసుకుపోయే గుర్తు కూడా అదే అవుతుంది.

నాలుగోది రైలు. హౌరా, చెన్నై మధ్య నడిచే ప్రధాన మార్గం నెల్లిమర్ల మీదుగానే పోతుంది. ఎక్స్‌ప్రెస్‌లు ఊరంతా వినిపించేలా కూత వేసుకుంటూ మన స్టేషను దాటి విజయనగరంలో ఆగుతాయి. అన్ని బండ్లూ ఇక్కడ ఆపమని అడగడం న్యాయం కాదు. జాతర రోజుల్లోనైనా కొన్ని బండ్లకు ఒక్క నిమిషం ఇస్తే చాలు.

ఇప్పుడు వీటన్నిటికీ కొత్త అర్థం ఇచ్చే సంగతి భోగాపురంలో ఉంది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన అంతర్జాతీయ విమానాశ్రయం మన నెల్లిమర్ల నియోజకవర్గంలోనిదే. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులకు సరిపడేలా వేసిన పథకం అది. భూములిచ్చినవాళ్లు, ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు ఇక్కడివాళ్లు. దిగే ప్రయాణికుడు మాత్రం హైవే ఎక్కి విశాఖ దారి పడతాడు. అతన్ని తప్పు పట్టలేం. విశాఖలో గది ఉంది, బీచి ఉంది, హోటలు ఉంది. వందమందిలో ఐదుగురిని ఇటు తిప్పగలిగినా అది మన ఊళ్లకు పెద్ద సంఖ్యే. వాళ్లలో బౌద్ధ దేశాల నుంచి వచ్చేవాళ్లుంటారు, వాళ్లకు గురుభక్తులకొండ పేరు విమానాశ్రయం గోడ మీదే కనబడాలి.

వాళ్లకు చూపించడానికి ఒక్క రామతీర్థమే ఉందని కాదు. చంపావతి ఒడ్డున సారిపల్లిలో పాత దిబ్బేశ్వరుడి గుడి ఉంది, అదీ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నదే. అదే చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పూసపాటిరేగ మండలంలో చింతపల్లి తీరం, దీపస్తంభం. ఆ తీరం అందంగా ఉంటుంది కానీ నమ్మదగ్గది కాదు. కాపలా పెట్టకుండా దానికి ప్రచారం చేయడం పాపం. విజయనగరంలో కోట ఉంది, గురజాడ ఇల్లు ఉంది, కన్యాశుల్కం నాటకం మొదలయ్యే బొంకులదిబ్బ ఉంది. మూడు లాంతర్ల స్తంభం కూడా ఉండేది. 2020లో దాన్ని కూల్చేశాక జనం గోల చేస్తే అది ఎంత విలువైనదో అందరికీ తెలిసింది. సిరిమాను ఉత్సవం రోజున ఊరు పట్టనంత జనం, మర్నాటికి ఊరు ఖాళీ. మళ్లీ అదే రాత్రి సమస్య.

శ్రీకాకుళం వైపు పోతే వంశధార ఒడ్డున శాలిహుండం. ఆ బౌద్ధ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది పురావస్తు ఉద్యోగి కాదు, మన గిడుగు రామమూర్తి పంతులుగారు. శ్రీముఖలింగం, అరసవల్లి, శ్రీకూర్మం, పక్షులొచ్చే తేలినీలాపురం. తేలినీలాపురంలో పక్షుల్ని కాపాడింది ముందు ఊరివాళ్లు, అటవీ శాఖ తర్వాత వచ్చింది. పక్షులొస్తే వానలు బాగా పడతాయని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం ఏ చట్టం కంటే బాగా పనిచేసింది.

2024లో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పరిశ్రమ హోదా అంటే పెద్ద హోటళ్లకు రాయితీలు. వాటితో నాకు తగవు లేదు. రామతీర్థంలో, సారిపల్లిలో, రెండు గదులు ఖాళీగా ఉన్న పెంకుటింటి ఆసామికి అందులో ఏముందో విడమర్చి చెప్పేవాళ్లు కావాలి. ఆ ఇంట్లో పొద్దున్నే చోడి అంబలి ఇస్తారు, ఆవపెట్టిన పనసకాయ కూరతో భోజనం పెడతారు. పేపర్లు నింపడం ఒక్కటే వాళ్లకు రాదు. ఆ పని పంచాయతీ కార్యాలయంలో ఒకరు చేసిపెడితే, కట్టిన పన్నులో ఒక వాటా తిరిగి ఊరి కొండకే ఖర్చయ్యేలా చూస్తే, రువాండా వాళ్లు చేసిందే మనమూ చేసినట్టు.

భయపడాల్సిందీ ఒకటుంది. జనం వస్తారంటే ముందుగా వచ్చేవాళ్లు యాత్రికులు కాదు, స్థలాలు కొనేవాళ్లు. కొండ కింద వెంచర్ల బోర్డులు లేస్తాయి. ఉత్తరాంధ్రలో ఎన్ని కొండలు కంకరగా మారి రోడ్ల కింద పడ్డాయో హైవే మీద పోయేవాళ్లందరికీ తెలుసు. రక్షిత స్థలం చుట్టూ కొంత మేర కట్టడాలు, తవ్వకాలు ఉండకూడదని చట్టం ఉంది. దాని హద్దులు ఎక్కడున్నాయో ఊరివాళ్లకు చూపించి, రాళ్లు పాతించడం ఇప్పుడే జరగాలి. భూమి ధర పెరిగాక ఆ రాళ్లు నిలబడవు.

ఇక మీలో వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెప్పి ముగిస్తాను. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థానికి బస్సులు, సర్వీసు ఆటోలు ఉంటాయి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండాకాలంలో ఆ రాతి కొండలు కాలిపోతాయి, ఎక్కవద్దు. తెల్లవారే చేరండి. ముందు గురుభక్తులకొండ ఎక్కండి, ఎండ ముదరక ముందే దిగిపోవచ్చు. తర్వాత దుర్గకొండ గుహలు, ఆపైన గుడి. పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. పైన నీళ్లు దొరకవు, వెంట తీసుకెళ్లండి, ఖాళీ సీసా కిందికి తెచ్చుకోండి. ముసలివాళ్లను కింద చెట్టు నీడన కూర్చోబెట్టి వెళ్లండి, మెట్ల దారి అంతా ఒకలా ఉండదు. ఊళ్లో కుర్రాడెవరినైనా వెంట తీసుకెళ్తే దారి తప్పరు. అతనికి ఇచ్చేదేదో ముందే మాట్లాడుకోండి. వీలైతే ఆ రాత్రికి విజయనగరంలోనైనా ఆగి, మర్నాడు పొద్దున్నే సారిపల్లి చూసి రండి.